ఇంటి పైకప్పు సౌర ఫలకాలు

ఇంటి పైకప్పు సౌర ఫలకం అనగా సూర్యకాంతిని నేరుగా విద్యుత్తుగా మార్చడానికి ఇంటి కప్పుపై అమర్చే పలక. వాడుకలో దీనిని సోలార్ ప్యానెల్ అంటారు. మార్కెట్లో దొరికే ఫలకాలు చూడడానికి ఒకే విధంగా కనిపించినా, సెల్ నిర్మాణం, దక్షత, ఎండ వేడిమిని తట్టుకొనే గుణం, ఏటా తగ్గుదల, హామీ, ధర అనే అంశాలలో ఒకదానికొకటి తేడాగా ఉంటాయి. ఫలకంపై ముద్రించిన వాట్ల సంఖ్య ప్రయోగశాలలో కొలిచినది. ఇంటివారికి కావలసినది మాత్రం తమ కప్పు మీద 25 ఏళ్ళలో వచ్చే యూనిట్లు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను లెక్కించడమే ఫలకాలను పోల్చడంలో ముఖ్యమైన పని. ఈ వ్యాసంలో ఉదాహరణలకు తెలంగాణ రాష్ట్రం, నిజామాబాదు జిల్లాలోని ఇందల్వాయి ప్రాంతపు ఎండ, గాలి, కప్పుల తీరు తీసుకొనబడినవి.

పనిచేసే విధానం

ఫలకంలోని ప్రతి సెల్ పలుచని సిలికాన్ పొర. కాంతి దానిపై పడినప్పుడు ఎలక్ట్రాన్లు విడివడి ఏకముఖ విద్యుత్తు (డి.సి.) పుడుతుంది. ఒక్కొక్క సెల్ ఇచ్చే వోల్టేజి అర వోల్టు కంటే కొద్దిగా ఎక్కువ. అందుచేత అనేక సెల్స్‌ను వరుసగా కలిపి, పైన గట్టి గాజు, కింద రక్షణ పొర, చుట్టూ అల్యూమినియం చట్రం అమర్చి ఫలకంగా తయారు చేస్తారు. ఇంటిలోని పంకాలు, ఫ్రిజ్, మోటారు వంటివి ఏకాంతర విద్యుత్తు (ఎ.సి.)తో నడుస్తాయి కనుక మధ్యలో ఇన్వర్టరు అవసరం. ఇంట్లో వాడగా మిగిలిన విద్యుత్తు నెట్ మీటరు ద్వారా వీధి లైనులోకి వెళ్ళి ఆ ఇంటి ఖాతాలో జమ అవుతుంది.

ఫలకం కాంతితో పనిచేస్తుంది, వేడితో కాదు. వేడి పెరిగే కొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. "ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ" అనే అభిప్రాయం సరికాదు.

చరిత్ర

కాంతి వలన విద్యుత్తు పుట్టే ధర్మాన్ని 1839లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకరెల్ గుర్తించాడు. వాడకానికి పనికివచ్చే సిలికాన్ సెల్‌ను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ తయారు చేశారు. దాని దక్షత సుమారు 6 శాతం. భారతదేశంలో ప్రభుత్వ రంగ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1977లో తొలి సౌర సెల్‌ను, 1978లో తొలి ఫలకాన్ని రూపొందించింది. 2010 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ ప్రారంభమైనది. హైదరాబాదు కేంద్రంగా 1995లో మొదలైన ప్రీమియర్ ఎనర్జీస్ సంస్థ నగర సమీపంలో ఫలకాలను, 2021 నుండి సెల్స్‌ను కూడా తయారు చేస్తున్నది.

2010ల దశకంలో ఇళ్ళపై ఎక్కువగా బహుస్ఫటిక ఫలకాలు పెట్టేవారు. ఆ దశకం చివరలో పెర్క్ రకం వాటిని వెనక్కు నెట్టింది. 2024 నాటికి ప్రపంచ ఉత్పత్తిలో టాప్‌కాన్ రకం పెర్క్‌ను దాటిపోయింది. ఈ మార్పుల వలన ఒకే కాలంలో మూడు తరాల ఫలకాలు దుకాణాలలో పక్కపక్కనే కనిపిస్తున్నవి. పాత తరం సరుకును తక్కువ ధరకు అమ్మడం కూడా ఇందువలననే.

రకాలు

బహుస్ఫటిక ఫలకాలు: వీటిని పాలీక్రిస్టలైన్ అంటారు. కరిగించిన సిలికాన్‌ను దిమ్మగా పోసి, కోసి తయారు చేస్తారు. నీలి రంగులో, పలుకు పలుకుగా మెరుస్తూ ఉంటాయి. దక్షత తక్కువ కనుక ఎక్కువ స్థలం పడుతుంది. కొత్తగా తయారయ్యే వాటి సంఖ్య బాగా తగ్గిపోయింది.

ఏకస్ఫటిక పెర్క్ ఫలకాలు: ఒకే స్ఫటికం నుండి కోసిన సిలికాన్ పొరలతో తయారయ్యేవి మోనో ఫలకాలు. సెల్ వెనుక భాగంలో అదనపు పొర చేర్చి, లోపలికి పోయిన కాంతిని మరల వెనక్కు పంపే పద్ధతి పెర్క్. దీనికి మూలమైన పరిశోధన 1980లలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రీన్ బృందం చేసింది. ఈ ఫలకాలు నల్లగా ఉంటాయి.

టాప్‌కాన్ ఫలకాలు: ఎన్-టైప్ సిలికాన్‌తో, వెనుక అతి పలుచని ఆక్సైడ్ పొరతో తయారవుతాయి. తొలి ఏడాదిలో కాంతి వలన కలిగే క్షీణత వీటిలో తక్కువ. వేడికి తగ్గుదల కూడా పెర్క్ కంటే తక్కువ.

హెటిరోజంక్షన్ ఫలకాలు: స్ఫటిక సిలికాన్‌కు రెండు వైపులా స్ఫటికం కాని సిలికాన్ పొరలు పూసినవి. వాడుకలో ఉన్న సిలికాన్ రకాలన్నింటిలో వేడిని బాగా తట్టుకొనేవి ఇవే. ధర ఎక్కువ, దొరకడం తక్కువ.

పలుచని పొర ఫలకాలు: గాజుపై కాడ్మియం టెల్యూరైడ్ వంటి పదార్థాన్ని పూసి చేసేవి. పెద్ద సౌర విద్యుత్ కేంద్రాలలో వాడుతారు. ఇళ్ళపై అరుదు.

ఇవి గాక "బైఫేషియల్", "హాఫ్ కట్" అనే పేర్లు కూడా వినిపిస్తాయి. ఇవి ప్రత్యేక సెల్ రకాలు కావు. బైఫేషియల్ ఫలకం వెనుక వైపు నుండి కూడా కాంతిని గ్రహిస్తుంది. కప్పుకు తెల్లని పూత వేసి, ఫలకాన్ని ఎత్తుగా బిగిస్తేనే దాని ప్రయోజనం తెలుస్తుంది. రేకుకు ఆనించి బిగిస్తే వెనుక వైపు దాదాపు వృథా. హాఫ్ కట్ అనగా సెల్స్‌ను సగానికి కోసి కలపడం. దీని వలన నీడ నష్టం, లోపలి వేడి కొంత తగ్గుతాయి.

రకాల పోలిక

కింది పట్టికలోని అంకెలు ఆయా రకాలకు తయారీదారులు సాధారణంగా ప్రకటించే పరిధులు. ఒక్కొక్క నమూనాకు ఖచ్చితమైన అంకె దాని వివరపత్రంలో ఉంటుంది.

| రకం | దక్షత (శాతం) | ప్రతి డిగ్రీ వేడికి తగ్గుదల (శాతం) | తొలి ఏడాది తగ్గుదల (శాతం) | తరువాత ఏటా (శాతం) |
|---|---|---|---|---|
| బహుస్ఫటిక | 15–17 | 0.38–0.42 | 2.5–3 | సుమారు 0.7 |
| మోనో పెర్క్ | 20–21.5 | 0.34–0.37 | 2 | 0.55 |
| టాప్‌కాన్ | 21.5–23 | 0.29–0.32 | 1 | 0.4 |
| హెటిరోజంక్షన్ | 22–23 | 0.24–0.26 | 1–2 | 0.25–0.4 |

దక్షత ఎక్కువైన ఫలకం అదే వాట్లకు ఎక్కువ కరెంటు ఇస్తుందని అనుకోవడం పొరపాటు. 3 కిలోవాట్ల పెర్క్ ఫలకాలు, 3 కిలోవాట్ల టాప్‌కాన్ ఫలకాలు ప్రయోగశాలలో ఒకే ఉత్పత్తిని ఇస్తాయి. దక్షత వలన తగ్గేది స్థలం మాత్రమే. కప్పు మీద తేడా వచ్చేది పట్టికలోని మిగతా మూడు గడుల వలన.

లేబుల్‌పై ఉండే వివరాలు

ప్రతి ఫలకం వెనుక ఒక చీటీ అతికించి ఉంటుంది. అందులో గరిష్ఠ శక్తి (వాట్లు), తెరచిన వలయ వోల్టేజి, లఘు వలయ కరెంటు, గరిష్ఠ శక్తి వద్ద వోల్టేజి, కరెంటు, అనుమతించిన తేడా, వరుస సంఖ్య ఉంటాయి.

వాట్లను ఎస్.టి.సి. అని పిలిచే ప్రామాణిక పరిస్థితులలో కొలుస్తారు. అవి చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతి, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. ఎండలో ఉన్న సెల్ 25 డిగ్రీల వద్ద ఉండడం తెలంగాణలో దాదాపు జరగని పని. అందుచేత వివరపత్రంలో ఎన్.ఒ.సి.టి. అనే రెండవ అంకెను కూడా చూడాలి. చదరపు మీటరుకు 800 వాట్ల కాంతి, 20 డిగ్రీల గాలి, సెకనుకు ఒక మీటరు గాలి వేగం ఉన్నప్పుడు సెల్ ఎంత వేడెక్కుతుందో అది తెలుపుతుంది. చాలా ఫలకాలకు ఈ అంకె 45 డిగ్రీలకు కొద్దిగా అటు ఇటుగా ఉంటుంది.

అనుమతించిన తేడా "0 నుండి +5 వాట్లు" అని ఉంటే ముద్రించిన దానికి తక్కువ రాదని అర్థం. "±3 శాతం" అని ఉంటే తక్కువ కూడా రావచ్చు.

ఇందల్వాయి ప్రాంతంలో పరిస్థితులు

ఇందల్వాయి నిజామాబాదు జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 జిల్లాల పునర్విభజనలో ఈ మండలం ఏర్పడినది. 44వ జాతీయ రహదారిపై ఉన్నది. సుమారు 18.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉండడం వలన ఇక్కడి లెక్కలు నిజామాబాదు పట్టణానికి, దానికి పశ్చిమాన ఉన్న బోధన్ ప్రాంతానికి కూడా ఇంచుమించు వర్తిస్తాయి.

ఎండ వేడిమి

ఈ ప్రాంతంలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. ఎన్.ఒ.సి.టి. 45 డిగ్రీలు ఉన్న ఫలకంలో, పూర్తి ఎండలో సెల్ చుట్టూ ఉన్న గాలి కంటే సుమారు 31 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. అనగా 40 డిగ్రీల మధ్యాహ్నం సెల్ ఉష్ణోగ్రత సుమారు 70 డిగ్రీలు. ఇది ప్రామాణిక స్థితి కంటే 45 డిగ్రీలు ఎక్కువ. ఆ సమయంలో 3 కిలోవాట్ల అమరిక ఫలకాల నుండి వచ్చే శక్తి ఈ విధంగా ఉంటుంది.

- బహుస్ఫటిక (డిగ్రీకి 0.40 శాతం): 18 శాతం తగ్గి సుమారు 2.46 కిలోవాట్లు
- మోనో పెర్క్ (0.35): 15.75 శాతం తగ్గి సుమారు 2.53 కిలోవాట్లు
- టాప్‌కాన్ (0.30): 13.5 శాతం తగ్గి సుమారు 2.60 కిలోవాట్లు
- హెటిరోజంక్షన్ (0.26): 11.7 శాతం తగ్గి సుమారు 2.65 కిలోవాట్లు

వేసవి మధ్యాహ్నం ఉన్న ఈ తేడా చలికాలంలో తగ్గిపోతుంది. కనుక ఏడాది మొత్తం మీద పెర్క్‌కు, టాప్‌కాన్‌కు వేడి వలన వచ్చే తేడా ఇంతకంటే తక్కువే. ఫలకం కింద గాలి ఆడేటట్లు ఖాళీ వదలడం ఏ రకానికైనా మేలు చేస్తుంది.

దిశ, నీడ

ఫలకాలను దక్షిణం వైపు, అక్షాంశానికి దగ్గరగా ఉండే వాలుతో బిగించడం సాధారణ నియమం. మే నెల మధ్య నుండి జూలై చివరి వరకు మధ్యాహ్న సూర్యుడు ఈ ప్రాంతంలో నడినెత్తికి కొద్దిగా ఉత్తరంగా ఉంటాడు. కాని ఆ రోజులలో తేడా స్వల్పం. మిగతా ఏడాదంతా సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు.

డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు సుమారు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు ఒక మీటరు ఎత్తున్న పిట్టగోడ నీడ ఉత్తరం వైపు సుమారు 0.9 మీటరు పడుతుంది. రెండున్నర మీటర్ల మెట్ల గది నీడ 2.25 మీటర్ల వరకు పోతుంది. పొద్దున, సాయంత్రం ఇది ఇంకా పొడవు. వరుసగా కలిపిన ఫలకాలలో ఒక దానిపై నీళ్ళ ట్యాంకు నీడ పడినా మొత్తం వరుస ఉత్పత్తి దెబ్బతింటుంది. ఫలకంలోని బైపాస్ డయోడ్లు ఈ నష్టాన్ని కొంతవరకే ఆపగలవు. నీడ పడే చోట ఖరీదైన టాప్‌కాన్ ఫలకం పెట్టడం కంటే, నీడ లేని చోట సాధారణ పెర్క్ ఫలకం పెట్టడం మేలు.

ధూళి, వడగళ్ళు, కోతులు

వరి కోతల కాలంలో, అనగా అక్టోబరు–నవంబరులలోను, యాసంగి పంట చేతికి వచ్చే ఏప్రిల్ నెలలోను పొట్టు, ధూళి గాజుపై పేరుకుంటాయి. ఏప్రిల్ నెలలో వానలు తక్కువ కనుక కడగడం తప్పనిసరి. తెల్లవారు జామున గాని సాయంత్రం గాని, గాజు చల్లగా ఉన్నప్పుడు మాత్రమే నీళ్ళు పోయాలి. ఉప్పు శాతం ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళు ఆరితే తెల్లని పొర మిగులుతుంది. దానిని వెంటనే తుడవాలి.

మార్చి, ఏప్రిల్ నెలలలో ఉత్తర తెలంగాణలో వడగళ్ళ వానలు పంటలను నష్టపరచడం తరచుగా జరిగేదే. ఫలకాల నాణ్యత పరీక్షలో 25 మిల్లీమీటర్ల మంచు గోళీని సెకనుకు 23 మీటర్ల వేగంతో గాజుపై 11 చోట్ల కొడతారు. ఈ పరీక్షలో నెగ్గిన ఫలకం సాధారణ వడగళ్ళను తట్టుకుంటుంది. అంతకంటే పెద్ద వడగళ్ళకు ఆ పరీక్ష హామీ కాదు. గాజు మందాన్ని కూడా పోల్చి చూడాలి.

పల్లెలలో కోతుల బెడద ఉన్న చోట తీగలను వేలాడనీయక గొట్టాలలో పోనివ్వాలి.

కప్పు రకం

స్లాబు వేసిన డాబాపై ఏ రకం ఫలకాన్నైనా బిగించవచ్చు. సుమారు 28 కిలోల బరువున్న 540 వాట్ల ఫలకం చదరపు మీటరుకు 11 కిలోల బరువు మాత్రమే వేస్తుంది. ఫలకాల బరువు కంటే వాటిని పైకి లేపే గాలి దుమారమే ఎక్కువ ప్రమాదకరం. కనుక స్టాండును స్లాబుకు గట్టిగా బిగించి, ఆ రంధ్రాలలోంచి వాన నీరు దిగకుండా పూడ్చాలి. రేకుల ఇంటికి కింది ఇనుప దూలాలలో పట్టు దొరకాలి. గూన పెంకుల ఇంటి కప్పు సాధారణంగా దీనికి పనికిరాదు.

పల్లె ఇళ్ళలో డాబా మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకొనే చోటు, వేసవి రాత్రులు పడుకొనే చోటు కూడా. ఎత్తైన స్టాండు పెడితే కింద స్థలం మిగులుతుంది. అయితే ఇనుము ఖర్చు, గాలి తాకిడి రెండూ పెరుగుతాయి.

కావలసిన స్థలం

3 కిలోవాట్ల అమరికకు ఫలకాలు మాత్రమే ఆక్రమించే స్థలం కింది విధంగా ఉంటుంది. నడవడానికి, నీడ తప్పించడానికి వదిలే ఖాళీ దీనికి అదనం. సాధారణంగా కిలోవాటుకు 10 చదరపు మీటర్లు లెక్క వేస్తారు.

- 335 వాట్ల బహుస్ఫటిక ఫలకాలు: 9 ఫలకాలు, సుమారు 17.5 చదరపు మీటర్లు
- 540 వాట్ల మోనో పెర్క్ ఫలకాలు: 6 ఫలకాలు (3.24 కిలోవాట్లు), సుమారు 15.5 చదరపు మీటర్లు
- 580 వాట్ల టాప్‌కాన్ ఫలకాలు: 5 ఫలకాలు (2.9 కిలోవాట్లు), సుమారు 13 చదరపు మీటర్లు

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రాయితీ లెక్కలో ఫలకాల మొత్తం వాట్లు, ఇన్వర్టరు సామర్థ్యం అనే రెండింటిలో తక్కువైన దానినే పరిగణిస్తారు. కనుక 5 టాప్‌కాన్ ఫలకాలు పెట్టిన ఇల్లు 3 కిలోవాట్లకు కొద్దిగా తక్కువ పడుతుంది. ఫలకాల సంఖ్యను ఒప్పుకొనే ముందే ఈ గుణకారం చేసి చూడాలి.

వయసుతో తగ్గుదల, హామీలు

ఫలకానికి రెండు హామీలు ఉంటాయి. వస్తు హామీ తయారీ లోపాలకు సంబంధించినది. ఇది తరచు 10 నుండి 12 ఏళ్ళు, కొన్ని సంస్థలకు అంతకంటే ఎక్కువ. పనితీరు హామీ 25 నుండి 30 ఏళ్ళ వరకు ఉత్పత్తి ఇంత కంటే తగ్గదని చెప్పేది. అమ్మకందారులు పెద్ద అక్షరాలతో చూపేది రెండవది. ఇంటివారికి ముందుగా అవసరం పడేది మాత్రం మొదటిది.

తొలి ఏడాది 2 శాతం, తరువాత ఏటా 0.55 శాతం తగ్గే పెర్క్ ఫలకం 25వ ఏడాది చివర 84.8 శాతం వద్ద ఉంటుంది. తొలి ఏడాది 1 శాతం, తరువాత ఏటా 0.4 శాతం తగ్గే టాప్‌కాన్ 89.4 శాతం వద్ద ఉంటుంది.

ఈ తేడాను యూనిట్లలోకి మార్చవచ్చు. తెలంగాణలో 1 కిలోవాటు ఫలకాలు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయని లెక్కిస్తే 3 కిలోవాట్లకు ఏడాదికి సుమారు 4,380 యూనిట్లు. 25 ఏళ్ళలో వయసు తగ్గుదలను తీసివేయగా పెర్క్ సుమారు 1,00,000, టాప్‌కాన్ సుమారు 1,03,000 యూనిట్లు ఇస్తాయి. తేడా సుమారు 3,000 యూనిట్లు. యూనిట్‌కు రూ. 5.10 చొప్పున విలువ రూ. 15,000కు కొద్దిగా ఎక్కువ. వేసవి వేడి వలన కలిగే లాభం దీనికి అదనం. అయితే ఈ డబ్బు 25 ఏళ్ళపాటు కొద్ది కొద్దిగా వచ్చేది. కనుక 3 కిలోవాట్ల అమరికకు టాప్‌కాన్ కోసం అడిగే అదనపు ధర కొన్ని వేల రూపాయలు మాత్రమే అయితే అది లాభకరం. అదనపు ధర రూ. 15,000కు చేరితే లాభం సందేహమే.

హామీ అనేది తయారీదారు ఇచ్చిన మాట. ఆ సంస్థ మూతబడితే కాగితం మాత్రమే మిగులుతుంది. కనుక సంస్థ ఎన్ని ఏళ్ళుగా ఉన్నది, హామీ కోరితే ఫలకాన్ని దింపి పంపే ఖర్చు ఎవరిది అనే విషయాలు శాతాల కంటే తక్కువ ముఖ్యమైనవి కావు. ప్రతి ఫలకం వరుస సంఖ్యను బిల్లుపై రాయించుకోవాలి. ఇన్వర్టరు ఆయుష్షు ఫలకం కంటే తక్కువ కనుక ఫలకాల జీవితకాలంలో దానిని కనీసం ఒకసారి మార్చవలసి రావచ్చు.

ప్రమాణాలు, నిబంధనలు

ఫలకాల నాణ్యతకు ఐ.ఇ.సి. 61215, భద్రతకు ఐ.ఇ.సి. 61730 అంతర్జాతీయ ప్రమాణాలు. భారత ప్రమాణాల సంస్థ గుర్తింపులో ఐ.ఎస్. 14286 వాడుకలో ఉన్నది. పశువుల కొట్టం పక్కన బిగించే వారు అమోనియా వాయువును తట్టుకొనే పరీక్ష ఐ.ఇ.సి. 62716 జరిగినదో లేదో చూడడం మంచిది.

కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2019లో ఆమోదిత నమూనాలు, తయారీదారుల జాబితాను ఏర్పాటు చేసింది. దీనిని ఏ.ఎల్.ఎం.ఎం. అంటారు. 2023–24 ఆర్థిక సంవత్సరంలో నిలిపివేసిన ఈ నిబంధన 2024 ఏప్రిల్ 1 నుండి మరల అమలులోకి వచ్చింది.

ఇళ్ళకు రాయితీ కావాలంటే ఫలకం డి.సి.ఆర్. రకం కావాలి. అనగా సెల్, ఫలకం రెండూ భారతదేశంలో తయారు కావాలి. విదేశీ సెల్స్ తెచ్చి ఇక్కడ కూర్చిన ఫలకం నాణ్యతలో తక్కువ కానవసరం లేదు, ధర కూడా తక్కువే. కాని దానికి రాయితీ రాదు. రెండు ధరలను పోల్చేటప్పుడు రెండూ డి.సి.ఆర్. ఫలకాలవేనా అని అడగకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

ఖర్చు, రాయితీ, బిల్లు

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పి.ఎం. సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. 2026–27 వరకు కోటి ఇళ్ళకు చేర్చడం దీని లక్ష్యం. పథకం ప్రారంభంలో ప్రకటించిన నియమాల ప్రకారం తొలి 2 కిలోవాట్లకు కిలోవాటుకు రూ. 30,000, మూడవ కిలోవాటుకు రూ. 18,000 చొప్పున గరిష్ఠంగా రూ. 78,000 రాయితీ లభిస్తుంది. రాయితీకి ఆధారంగా తీసుకొన్న ధర తొలి 2 కిలోవాట్లకు కిలోవాటుకు రూ. 50,000, మూడవదానికి రూ. 45,000. అనగా 3 కిలోవాట్లకు రూ. 1,45,000. మార్కెట్లో అసలు ధర ఫలకం రకాన్ని, స్టాండును బట్టి ఇంతకంటే ఎక్కువ ఉండవచ్చు. అమర్చిన సంస్థ 5 ఏళ్ళు నిర్వహణ చూడాలి. రాయితీ సొమ్ము నేరుగా వినియోగదారుని ఖాతాలో పడుతుంది.

నిజామాబాదు జిల్లాకు విద్యుత్తు పంపిణీ చేసేది తెలంగాణ ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ. నెట్ మీటరు అనుమతి ఈ సంస్థ నుండే రావాలి. 2024లో సవరించిన కేంద్ర నియమాల ప్రకారం 10 కిలోవాట్ల వరకు ప్రత్యేక సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్లు పరిగణించాలి.

అయితే ఏ ఫలకం మంచిది అనే ప్రశ్నకు ముందు, ఈ ఇంటికి ఫలకం వలన ఎంత మిగులుతుంది అనే ప్రశ్న ఉన్నది. దీనికి జవాబు బిల్లును బట్టి మారుతుంది. 2022 ఏప్రిల్ నుండి అమలైన ధరల ప్రకారం లెక్కిస్తే:

- నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు చార్జీ 200 యూనిట్లకు రూ. 5.10 చొప్పున, 100 యూనిట్లకు రూ. 7.70 చొప్పున మొత్తం రూ. 1,790. ఏడాదికి రూ. 21,480. 3 కిలోవాట్లు ఈ వాడకాన్ని తీర్చగలవు. రాయితీ పోగా ఖర్చు రూ. 67,000 అయితే మూడేళ్ళకు కొద్దిగా పైన, అసలు ధర రూ. 2,00,000 అయ్యి ఖర్చు రూ. 1,22,000 అయితే సుమారు 5 ఏళ్ళ 8 నెలలలో పెట్టుబడి తిరిగి వస్తుంది.
- నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి చార్జీ రూ. 252.50 మాత్రమే. ఏడాదికి రూ. 3,030. రాయితీ పోగా రూ. 20,000 ఖర్చయ్యే 1 కిలోవాటు అమరికకు ఆరున్నర ఏళ్ళు పడుతుంది.
- 2024లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. అట్టి ఇంటికి ఫలకాల వలన బిల్లులో తగ్గేది ఏమీ లేదు. ఆ పథకం కొనసాగినంత కాలం అప్పు చేసి ఫలకాలు పెట్టడం నష్టమే.

నెలవారీ మిగులు యూనిట్లు తరువాతి నెలలకు జమ అవుతాయి. చివరకు మిగిలిన వాటికి పంపిణీ సంస్థ చెల్లించే ధర పై శ్లాబు ధర కంటే తక్కువ. కనుక వాడకానికి మించి ఫలకాలు పెట్టడం వలన లాభం లేదు.

పరిమితులు

బ్యాటరీ లేని సాధారణ అమరిక కరెంటు పోయినప్పుడు పనిచేయదు. లైనుపై పనిచేసే సిబ్బందికి ప్రమాదం కలగకుండా ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. పగటి కోతల సమయంలో కూడా విద్యుత్తు కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు అవసరం. దాని వలన ఖర్చు పెరుగుతుంది. జూలై, ఆగస్టు నెలలలో మబ్బుల వలన ఉత్పత్తి తగ్గుతుంది. ఏ రకం ఫలకానికీ దీని నుండి మినహాయింపు లేదు.

కొనుగోలుకు ముందు పోల్చవలసిన అంశాలు

1. గత 12 నెలల బిల్లులు, గృహజ్యోతి వర్తిస్తుందా లేదా
2. డిసెంబరు నెలలో ఉదయం 9 నుండి సాయంత్రం 4 గంటల వరకు కప్పుపై నీడ పడే చోట్లు
3. ఫలకం డి.సి.ఆర్. రకమా, ఆమోదిత జాబితాలో ఆ నమూనా ఉన్నదా
4. ప్రతి డిగ్రీకి తగ్గుదల శాతం, ఎన్.ఒ.సి.టి.
5. తొలి ఏడాది, తరువాతి ఏడాదుల తగ్గుదల
6. వస్తు హామీ ఎన్ని ఏళ్ళు, పనితీరు హామీ ఎన్ని ఏళ్ళు
7. ఫలకాల సంఖ్యను వాట్లతో గుణించగా వచ్చే మొత్తం, ఇన్వర్టరు సామర్థ్యం
8. స్టాండు ఇనుము మందం, జింకు పూత, బిగింపు పద్ధతి
9. ఒక్కొక్క ధరలో స్టాండు, తీగలు, ఎర్తింగు, నెట్ మీటరు ఖర్చులు కలిసి ఉన్నవా

ఈ అంశాలన్నీ సమానమైనప్పుడు మాత్రమే వాటుకు ధరను పోల్చడం సరైనది. ఇందల్వాయి వంటి వేడి ప్రాంతంలో, కప్పుపై స్థలం తక్కువగా ఉండి, ధరలో తేడా స్వల్పంగా ఉంటే టాప్‌కాన్ తగినది. స్థలం సరిపడా ఉండి, ధరలో తేడా ఎక్కువగా ఉంటే మోనో పెర్క్ చాలును. కొత్త బహుస్ఫటిక ఫలకాలను కొనడానికి, చాలా చవకగా దొరికితే తప్ప, కారణం కనిపించదు.

ఇవి కూడా చూడండి

- సౌర శక్తి
- సౌర ఘటం
- ఇన్వర్టరు
- పునరుత్పాదక ఇంధనం
- ఇందల్వాయి
- నిజామాబాదు జిల్లా